సర్క్యూట్ బ్రేకరు: పని తీరు, పరీక్షా విధానం

విజయవాడలో పటమటను ఆనుకొని ఉన్న జవహర్ ఆటోనగర్ 1966లో ఏర్పడింది. లారీలకు బాడీలు కట్టడం, ఇంజన్లు రీబోరు చేయడం, కమాను కట్టలు బిగించడం, క్రాంకు షాఫ్టులు గ్రైండింగు చేయడం వంటి పనులకు ఈ పేట తెలుగుదేశమంతటా పేరు పొందింది. ఇక్కడి లేత్ మిషన్లు, వెల్డింగు సెట్లు, కంప్రెసర్లు అన్నీ విద్యుచ్ఛక్తి మీదనే ఆధారపడి ఉన్నవి. పెద్ద షెడ్డుకు 11,000 ఓల్టులతో వచ్చే కరెంటు ట్రాన్స్‌ఫార్మరులో 433 ఓల్టులకు తగ్గి, గోడ ప్రక్కనున్న ఇనుప పేనెల్‌లోకి ప్రవేశిస్తుంది. అక్కడ దానికి మొట్టమొదట ఎదురయ్యేది ప్రధాన సర్క్యూట్ బ్రేకరు.

బ్రేకరు అంటే పెద్ద స్విచ్చి అని చాలమంది అభిప్రాయం. ఆ అభిప్రాయంలో సగమే సత్యమున్నది. స్విచ్చి మనిషి చేయి పెడితేనే పనిచేస్తుంది. మామూలు కరెంటునే తెంచగలదు. బ్రేకరు తనంతట తానే ప్రమాదాన్ని పసిగట్టి, మామూలు కరెంటుకు ఇరవై రెట్లు ప్రవాహం వచ్చినా క్షణంలో తెంచవలె. అటువంటి అవసరం ఏళ్ళ తరబడి రాకపోవచ్చు. వచ్చిన నాడు మాత్రం అది తెరుచుకొని తీరవలె. ఇన్నాళ్ళుగా ఏ తొందరా పెట్టకుండా మూసుకొని ఉన్నంత మాత్రాన, ఆ నాడు తెరుచుకొంటుందని నమ్మడానికి వీలులేదు. బ్రేకరును నడపడంలోను, పరీక్షించడంలోను ఉన్న జాగ్రత్తలన్నిటికీ మూలం ఈ ఒక్క విషయమే.

కాలువ తలుపు, బ్రేకరు

కృష్ణా డెల్టాలో ఉన్నవారికి కాలువల తలుపుల సంగతి కొత్త గాదు. పటమటకు దాపుననే బందరు కాలువ పారుతున్నది. కాలువకు అడ్డంగా తలుపు దించితే నీరు ఆగిపోతుంది, ఎత్తితే పారుతుంది. విద్యుత్తు విషయంలో మాట తిరగబడుతుంది. కాంటాక్టులు మూసుకొన్నపుడే కరెంటు పారుతుంది, తెరుచుకొంటే ఆగుతుంది. అందువల్ల బ్రేకరు "మూసి ఉన్నది" అంటే యంత్రాలు నడుస్తున్నవని అర్థం.

అంతకన్న ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. తలుపు దించిన తరువాత నీరు దాని మీదుగా దూకి పోదు. కరెంటు అట్లా గాదు. కాంటాక్టులు విడిపోయే క్షణంలో వాటి మధ్యనున్న గాలి విపరీతంగా వేడెక్కి, అణువులు విచ్ఛిన్నమై, గాలియే విద్యుద్వాహకంగా మారిపోతుంది. కాంటాక్టులు విడిపోయినా కరెంటు ఆ మండే గాలి గుండా పారుతూనే ఉంటుంది. దీనినే విద్యుచ్చాపం అని, వాడుకలో ఆర్కు అని అంటారు. వెల్డింగు చేసేవాడు ముఖానికి అద్దం అడ్డు పెట్టుకొని చూసే వెలుగు ఇదే. ఆర్కు నడిబొడ్డున వేడిమి సూర్యుని ఉపరితలం కన్న ఎక్కువగా ఉంటుంది. ఆ వేడికి రాగి కరగడమే గాక ఆవిరి కూడా అవుతుంది. ఆవిరైన రాగి కొన్ని పదుల వేల రెట్లు పరిమాణానికి వ్యాపిస్తుంది గనుక, మూసిన పెట్టెలో ఆర్కు అదుపు తప్పితే అది ప్రేలుడే.

వెల్డరు ఆర్కును కావాలని నిలుపుకొంటాడు. బ్రేకరు దానిని ఎంత త్వరగా ఆర్పితే అంత మేలు.

ఎంత కరెంటును తెంచవలె?

ఈ ప్రశ్నకు సమాధానం చిన్న లెక్కతో తేలుతుంది. ఒక షెడ్డుకు 250 కిలోవోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదనుకొందాం. మూడు ఫేజుల లెక్క ప్రకారం 433 ఓల్టుల వద్ద దాని పూర్తి కరెంటు సుమారు 333 ఆంపియర్లు. ప్రతి ట్రాన్స్‌ఫార్మరు పలక మీద ఇంపిడెన్సు ఇన్ని శాతం అని చెక్కి ఉంటుంది. అది ట్రాన్స్‌ఫార్మరు తనలో తాను కరెంటుకు కలిగించే అడ్డు. చిన్నవాటిలో ఇది కొంత తక్కువగా ఉంటుంది. లెక్క సులువు కోసం 5 శాతం అనుకొందాం. ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరలో మూడు ఫేజులు ఒకదానికొకటి తగిలి షార్టు అయితే, కరెంటుకు మిగిలే అడ్డు దాదాపు ఆ 5 శాతమే. కాబట్టి 100ను 5తో భాగించగా వచ్చిన 20 రెట్లు, అనగా సుమారు 6,700 ఆంపియర్లు ప్రవహిస్తుంది.

వ్యాపారం పెరిగి, యజమాని ఆ ట్రాన్స్‌ఫార్మరును తీసి 1,000 కిలోవోల్ట్ ఆంపియర్లది పెట్టించాడనుకొందాం. పూర్తి కరెంటు 1,333 ఆంపియర్లు అవుతుంది. షార్టు కరెంటు సుమారు 26,700 ఆంపియర్లకు పెరుగుతుంది. పేనెల్‌లో ఒక చిన్న యంత్రానికి వెళ్ళే పాత బ్రేకరు 10,000 ఆంపియర్ల వరకే తెంచగలదైతే, అది మొదటి ట్రాన్స్‌ఫార్మరు క్రింద నిశ్చింతగా ఉండేది. రెండవదాని క్రింద అదే బ్రేకరు ప్రమాదహేతువు. యంత్రం మారలేదు, తీగె మారలేదు, బ్రేకరు చెడిపోలేదు; అయినా అది ఇక సరిపోదు. ట్రాన్స్‌ఫార్మరు మార్చిన ప్రతిసారీ క్రింది బ్రేకర్లన్నిటి సామర్థ్యాన్ని తిరిగి లెక్క చూడవలసిన కారణం ఇదే.

బ్రేకరు పలక మీద ఈ సామర్థ్యం రెండు విధాలుగా వ్రాసి ఉంటుంది. ఐసీయూ అనేది చరమ సామర్థ్యం. అంత కరెంటును బ్రేకరు తెంచగలదు గాని, ఆ తరువాత కూడ పూర్తి భారంతో పనిచేస్తుందన్న హామీ లేదు. ఐసీఎస్ అనేది సేవా సామర్థ్యం. అంత కరెంటును తెంచిన తరువాత కూడ అది కొలువులో కొనసాగగలదు. మన దేశంలో ఈ పరీక్షలను ఐఎస్/ఐఈసీ 60947 ప్రమాణంలోని రెండవ భాగం నిర్దేశిస్తున్నది.

ఆర్కును ఆర్పే ఉపాయం

కర్మాగారాలలో ప్రధాన స్థానంలో వాడే పెద్ద బ్రేకర్లు ఆర్కును గాలిలోనే ఆర్పుతవి. అందుచేత వీటిని ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్లంటారు. కాంటాక్టుల పైభాగాన ఒక పెట్టె వంటి అమరిక ఉంటుంది. దానికి ఆర్కు చ్యూటు అని పేరు. అందులో పలుచని ఉక్కు పలకలు దువ్వెన పళ్ళ వలె వరుసగా నిలబెట్టి ఉంటవి. ఆర్కు పుట్టగానే దాని చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం దానిని ఆ పలకల వైపు లాగుతుంది. వేడి గాలి సహజంగా పైకి పోవడం కూడ ఇందుకు తోడ్పడుతుంది. పలకల మధ్యకు చేరిన పొడుగు ఆర్కు అనేకమైన పొట్టి ఆర్కులుగా ముక్కలవుతుంది.

ముక్కలు చేయడం వల్ల ప్రయోజనమేమి? ప్రతి పొట్టి ఆర్కూ బ్రతకడానికి దానికి విడిగా 20 ఓల్టులకు పైగా కావలె. పలకల మధ్య పదిహేను ఖాళీలుంటే 300 ఓల్టులకు పైగా కావలసివస్తుంది. సరఫరా అంత ఓల్టేజిని సమకూర్చలేక వెనుకబడుతుంది, కరెంటు క్షీణిస్తుంది. మన సరఫరా సెకండుకు 50 ఆవర్తనాలు గలది. కనుక కరెంటు సెకండులో నూరవ వంతుకొకసారి తనంతట తానే శూన్యానికి వస్తుంది. ఆ శూన్య క్షణంలో, ఉక్కు పలకలు తగిలి చల్లబడిన గాలి తిరిగి బంధకమవుతుంది. ఆర్కు మరల వెలగదు. ఆరోగ్యంగా ఉన్న బ్రేకరులో ఈ తతంగమంతా సాధారణంగా సెకండులో ఇరవయ్యవ వంతు లోపల ముగుస్తుంది.

మూడు ఫేజుల విద్యుత్తుకు ఆద్యులలో ఒకడైన డొలివో-డొబ్రొవొల్స్కీ 20వ శతాబ్ది తొలినాళ్ళలో జర్మనీలో ఈ పలకల ఉపాయాన్ని ఆలోచించాడు. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థలో జోసెఫ్ స్లెపియన్ 1920 దశకంలో ఆర్కు భౌతిక ధర్మాలను శోధించి దీనిని శాస్త్రీయంగా అభివృద్ధి చేశాడు. నేటి బ్రేకర్లలో రూపం మారినా సూత్రం అదే.

లోపలి యంత్రాంగం

ప్రతి ఫేజుకు రెండు రకాల కాంటాక్టులుంటవి. ప్రధాన కాంటాక్టులు మామూలు కరెంటును మోస్తవి. ఆర్కు కాంటాక్టులు మూసేటప్పుడు ముందుగా కలుస్తవి; తెరిచేటప్పుడు చివరగా విడిపోతవి. నిప్పు బాధ వాటికే తగులుతుంది. ప్రధాన కాంటాక్టుల నునుపు చెడదు. ఇంటి ముందు గడప దెబ్బలు తిని లోపలి నేలను కాపాడినట్లు ఇవి ప్రధాన కాంటాక్టులను కాపాడుతవి.

కాంటాక్టులను మూయడానికి బలమైన స్ప్రింగు ఉన్నది. చేతి పిడిని కొన్నిసార్లు క్రిందికి లాగి గాని, చిన్న మోటారుతో గాని దానిని బిగిస్తారు. మూసే మీట నొక్కగానే స్ప్రింగు విడివడి కాంటాక్టులను ఒక్క ఊపున కలుపుతుంది. అదే ఊపులో తెరిచే స్ప్రింగు కూడ బిగుసుకొంటుంది. దానిని పట్టి ఉంచేది ఒక చిన్న కొక్కెం. ఆ కొక్కెం కొద్దిగా జారితే చాలు, బ్రేకరు తెరుచుకొంటుంది. ఎంత మెల్లగా నొక్కినా, ఎంత గట్టిగా నొక్కినా కాంటాక్టుల వేగం ఒకటే. మనిషి చేతి బలానికీ ఆర్కు ఆరడానికీ సంబంధం లేకుండా చేయడమే ఈ ఏర్పాటులోని నేర్పు. అంతేగాక, లోపం ఉన్న వలయంపై మూయబోతే, మీటను నొక్కి పట్టుకొన్నప్పటికీ బ్రేకరు తెరుచుకొంటుంది.

కొక్కెమును ఎప్పుడు జార్చవలెనో నిర్ణయించేది రిలీజు. పూర్వపు బ్రేకర్లలో నూనె బుడ్డిలో కదిలే ముషలకం ఈ పని చేసేది. నేడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లతో కొలిచే ఎలక్ట్రానిక్ రిలీజులు వచ్చినవి. వీటి నిర్ణయాలు నాలుగు విధాలు. భారం కొద్దిగా మించితే ఆలస్యంగా తెంచుతుంది. వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, కరెంటు రెండింతలైతే ఓర్చే కాలం నాల్గవ వంతుకు తగ్గుతుంది. షార్టు వస్తే సెకండులో కొన్ని పదవ వంతులు మాత్రమే ఆగుతుంది. ఈలోగా క్రింది చిన్న బ్రేకరు తెరుచుకొంటే షెడ్డు అంతా చీకటి కాకుండా ఆ ఒక్క యంత్రమే ఆగుతుంది. మరీ పెద్ద షార్టు అయితే తక్షణమే తెంచుతుంది. కరెంటు నేలలోకి కారితే ఎర్తు రక్షణ పనిచేస్తుంది.

నడిపే పద్ధతి

బ్రేకరును మూయబోయే ముందు స్ప్రింగు బిగిసినదా, సూచిక ఏమి చూపుతున్నది, పేనెల్ తలుపు సరిగా వేసి ఉన్నదా అని చూడవలె. మీట నొక్కేవాడు పేనెల్‌కు ఎదురుగా గాక ప్రక్కగా నిలబడవలె. ముఖానికి కవచం, నిప్పు అంటని దుస్తులు ధరించవలె. నైలాను చొక్కా వేడికి కరిగి ఒంటికి అతుక్కుపోతుంది.

పెద్ద బ్రేకర్లు చట్రం నుండి సొరుగు వలె వెలుపలికి లాగే వీలుతో ఉంటవి. వీటికి మూడు స్థానాలు. సేవా స్థానంలో కరెంటు వలయం కలిసి ఉంటుంది. పరీక్షా స్థానంలో ప్రధాన వలయం విడిపోయి, మోటారు, రిలీజుల చిన్న వలయాలు మాత్రమే కలిసి ఉంటవి. వేర్పాటు స్థానంలో అన్నీ విడిపోతవి. స్థానం మార్చేముందు బ్రేకరు తెరిచి ఉండవలె. మూసి ఉండగా లాగకుండా అడ్డుకొనే తాళం లోపలనే ఉన్నది. ఆ తాళాన్ని బలవంతంగా త్రోసివేయడం ప్రాణంతో చెలగాటం.

బ్రేకరు తనంతట తాను తెరుచుకొన్నపుడు పని ఆగిపోతుంది. సాయంత్రానికి లారీ బయలుదేరవలసి ఉంటే వెంటనే తిరిగి మూయాలన్న తొందర సహజమే. కాని కారణం తెలియకుండా మూస్తే, అదే షార్టు మీద రెండవసారి మూసినట్లవుతుంది. మొదటి ఆర్కుకు వేడెక్కి బలహీనపడిన పలకలు రెండవదానిని తట్టుకొంటవన్న నమ్మకం లేదు. రిలీజు మీద సూచిక భారం మించినదా, షార్టా, ఎర్తా అన్నది చూపుతుంది. దానిని చదివి, వ్రాసుకొని, లోపం ఉన్న తీగెను వెదకి వేరుచేసిన పిదపనే మూయవలె. షార్టు తెంచిన బ్రేకరును విప్పి చూడకుండా కొలువులోకి తీసుకోరాదు.

మౌనంలో పెరిగే దోషాలు

ఏళ్ళ తరబడి కదలని బ్రేకరులో దోషం కంటికి కనబడదు. అన్నిటికన్న దొంగ శత్రువు గట్టిపడిన గ్రీజు. కాలక్రమాన అందులోని నూనె ఆరిపోయి, దుమ్ము కలిసి, బంక వలె తయారవుతుంది. కొక్కెం జారడం ఆలస్యమవుతుంది. సెకండులో ఇరవయ్యవ వంతులో తెరుచుకోవలసినది అర సెకండు తీసుకొంటే ఆర్కు పది రెట్లు కాలం మండుతుంది. వెలువడే శక్తి కూడ సుమారు పది రెట్లవుతుంది. పేనెల్ ముందు నిలబడిన కార్మికుడు స్వల్పంగా కమిలిన చర్మంతో బయటపడతాడా, ఆసుపత్రి పాలవుతాడా అన్నది ఆ కొద్దిపాటి ఆలస్యం మీద ఆధారపడి ఉంటుంది.

రెండవది, వదులైన బిగింపులు, అరిగిన కాంటాక్టులు. ఒక కాంటాక్టు నిరోధం 40 మైక్రో ఓములు అనుకొంటే, 1,000 ఆంపియర్ల వద్ద పుట్టే వేడి 40 వాట్లు. అది 200 మైక్రో ఓములకు పెరిగితే 200 వాట్లు. మూసిన పెట్టెలో అంత వేడి నిలిస్తే బంధకాలు పెళుసెక్కుతవి. విజయవాడ వేసవిలో రేకుల షెడ్డు క్రింద పేనెల్ ముందే కాగి ఉంటుంది గనుక ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మూడవది పరిసరాలు. ఆటోనగర్‌లో గ్రైండింగు నుండి లేచే ఇనుప రజను, డెల్టా రైసు మిల్లులలో ఊక దుమ్ము, సముద్ర తీరాన ఉప్పు గాలి, అన్నిచోట్లా బల్లులు, ఎలుకలు. దుమ్ము మీద తేమ చేరితే ఫేజుల మధ్య కరెంటుకు దారి ఏర్పడుతుంది. రెండు బస్‌బార్ల మధ్య పాకిన బల్లి ఒక్కటి చాలు, పేనెల్ అంతా తగలబడడానికి. కేబుళ్ళు ప్రవేశించే రంధ్రాలను మూసి ఉంచడం చౌకైన రక్షణ.

పరీక్షా క్రమం

పరీక్ష అర్హత గల ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. 2003 నాటి విద్యుత్ చట్టం క్రింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, తిరిగి 2023లోను భద్రతా నియమాలను వెలువరించింది. యజమాని కూడ క్రమం తెలిసి ఉంటే, పని సరిగా జరిగినదీ లేనిదీ అడిగి తెలుసుకోగలడు.

మొదట సరఫరా ఆపి, తాళం వేసి, "మనుషులు పనిచేస్తున్నారు" అన్న బిళ్ళ తగిలించవలె. తరువాత కరెంటు లేదని టెస్టరుతో చూడవలె. ఆ టెస్టరును ముందుగా కరెంటు ఉన్నచోట పెట్టి చూసి, పరీక్ష తరువాత మరల అక్కడనే చూడవలె. చెడిపోయిన టెస్టరు కూడ "కరెంటు లేదు" అనియే చెబుతుంది గదా! పిమ్మట బ్రేకరును వెలుపలికి తీసి, స్ప్రింగులలో బిగింపు లేకుండా విడిపించవలె. సరఫరా లేకున్నా బిగిసిన స్ప్రింగు వ్రేళ్ళను నలగగొట్టగలదు.

రెండవ మెట్టు కంటితో చూడడం. ఆర్కు చ్యూటులు తీసి బీటలు, కరిగిన పలకలు, లోహపు తుంపరలు ఉన్నవేమో చూస్తారు. కాంటాక్టులపై వెండి మిశ్రమపు పూత నల్లబడడం చాలవరకు హానికరం గాదు. లోతైన గుంటలు, పూత పోయి రాగి బయటపడడం హానికరం. కాంటాక్టులను ఆకురాయితోగాని గరుకు కాగితంతోగాని రుద్దరాదు. ఆ పూత పోతే కాంటాక్టు ఆయువు పోయినట్లే.

మూడవది కొలతలు. మెగ్గరుతో ఫేజుల మధ్య, ఫేజులకు నేలకు మధ్య, తెరిచిన కాంటాక్టుల మధ్య బంధక నిరోధం చూస్తారు. బాగున్న బ్రేకరులో ఇది వందల మెగోములు ఉంటుంది. ఎలక్ట్రానిక్ రిలీజును తయారీదారు సూచించినట్లు ముందుగా వేరుచేయకపోతే మెగ్గరు ఓల్టేజికి అది చెడిపోతుంది. తరువాత ఒక్కొక్క ఫేజు గుండా 100 ఆంపియర్ల ఏకముఖ కరెంటు పంపి, కాంటాక్టుల కొసల మధ్య ఓల్టేజి కొలుస్తారు. 4 మిల్లీ ఓల్టులు వస్తే నిరోధం 40 మైక్రో ఓములు. మూడు ఫేజులను పోల్చడం ముఖ్యం. రెండు 40 చూపి, మూడవది 70 చూపితే దాని కారణం వెదకవలె.

నాల్గవది కదలిక. పాత గ్రీజును తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజును, చెప్పిన చోట, చెప్పినంత మాత్రమే పూయవలె. పలుచని నూనె చిమ్మితే ఆ పూటకు బ్రేకరు చురుకుగా కదులుతుంది గాని, ఉన్న గ్రీజు కొట్టుకుపోయి కొన్నాళ్ళకు మరింత బిగుస్తుంది. తరువాత చేతితోను, మోటారుతోను అనేకసార్లు మూసి తెరిచి చూస్తారు.

చివరిది రిలీజు పరీక్ష. రిలీజుకు మాత్రమే చిన్న సంకేతం పంపి దాని తెలివిని పరీక్షించవచ్చు. నిజమైన పెద్ద కరెంటును కాంటాక్టుల గుండా పంపితే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు నుండి కొక్కెం వరకు గొలుసు అంతా పరీక్షకు వస్తుంది. మొదటిది సులువు, రెండవది నమ్మకమైనది.

సాధారణంగా ఏడాదికొకసారి ఈ పరీక్షలు, ఆరు నెలలకొకసారి అయినా బ్రేకరును తెరిచి మూయడం మంచిది. దుమ్ము ఎక్కువైన చోట ఈ గడువులను తగ్గించవలె. ఫలితాలను తేదీతో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే, ఒక్క ఏటి అంకె చెప్పలేని సంగతిని అయిదేళ్ళ అంకెల వరుస చెబుతుంది.

నీట మునిగిన బ్రేకరు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. అటువంటి వరద తరువాత పేనెళ్ళను ఎండబెట్టి వెంటనే కరెంటు ఇవ్వాలనిపించడం సహజం. నీరు ఆరిపోతుంది గాని, అది మోసుకువచ్చిన బురద, లవణాలు లోపలనే ఉండిపోతవి. విప్పడానికి వీలులేని అచ్చుపెట్టె బ్రేకర్లు మునిగితే వాటిని తీసివేయవలసినదే. పెద్ద ఎయిర్ బ్రేకర్లను తయారీదారు పర్యవేక్షణలో విప్పి, కడిగి, ఆరబెట్టి, పరీక్షించి తిరిగి వాడే అవకాశం కొంత ఉన్నది. నీరు చేరిన ఎలక్ట్రానిక్ రిలీజును మాత్రం మార్చవలె. పేనెల్‌ను మొదటనే ఎత్తయిన దిమ్మె మీద నిలబెట్టడం ఈ నష్టాన్ని తప్పించే మార్గం.

బ్రేకరు పరీక్షకు ఒక పూట పని ఆపవలసి వస్తుంది. ఆ పూట కూలి, ఆ పూట ఆదాయం యజమానికి కళ్ళెదుట కనబడే నష్టాలు. తెరుచుకోని బ్రేకరు తెచ్చే నష్టం ముందుగా కనబడదు; కనబడిన నాడు దానిని లెక్క కట్టడానికి డబ్బు సరిపోదు. ఏడాదిలో ఆ ఒక్క పూటను, వీలయితే వేసవికి ముందే, బ్రేకరుకు కేటాయించడం యంత్రాలకూ, వాటి దగ్గర నిలబడి పనిచేసే మనుషులకూ క్షేమం.